మాస్టారి కాలరు

మా ఫ్యాక్టరీలో గాని, మా వీధిలో గాని ఎవరికి కొత్త ఉద్యోగం కావాలన్నా రెజ్యూమె టైపు చేసిపెట్టేది నేనే. డిస్పాచ్ సెక్షన్‌లో కంప్యూటర్ నా ముందే ఉంటుంది, పైగా నాకు మాటల కరువు లేదని అందరికీ తెలుసు. గోరంతను కొండంత చేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. గేటు దగ్గర మూడు నెలలు స్టూలు మీద కునికిపాట్లు పడ్డవాడికి ‘భద్రతా విభాగంలో విశేష అనుభవం’ అని రాశాను. బొత్తాలు కుట్టే పిల్లకి ‘నలుగురు సభ్యుల బృందానికి నాయకత్వం’ అని రాస్తే, ఆ నలుగురూ ఎవరక్కా అని బెంబేలెత్తింది. మీ ఇంట్లో ఎంతమందే అని అడిగాను. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. చదివేవాళ్ళు ఎలాగూ సగం కొట్టేసి చదువుతారు కాబట్టి మనం రెండింతలు రాయాలి, ఇందులో తప్పేముందని నా వాదన.

అలాంటి నేను అక్షరం కల్పించకుండా టైపు చేసిన రెజ్యూమె ఒక్కటే ఉంది. అది మా వదినది, పోయిన ఏడాది మా అన్నయ్య చనిపోయిన నాలుగో నెలలో రాసింది.

మా అన్నయ్య ఈ షర్టుల ఫ్యాక్టరీలో ప్యాటర్న్ మాస్టరు. ఏ షర్టయినా ముందు కాగితం మీద పుడుతుంది. కాలరు ఇంత, చేతులు ఇంత, చంక దగ్గర వంపు ఇంత అని గీసి, అట్టలు కత్తిరించి ఇస్తే, ఆ అట్టలు పెట్టి వందల షర్టుల గుడ్డ ఒకేసారి కోస్తారు. గీత నూలుపోగంత పక్కకి పోయినా అన్నీ పాడే. నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పంతొమ్మిది. నన్ను చదివించిందీ, ఇక్కడ ఉద్యోగంలో పెట్టించిందీ అన్నయ్యే. ప్రతిదానికీ ఎగిరిపడతానని నాకు ‘చిటపట’ అని పేరు పెట్టిందీ అన్నయ్యే. వదిన దాన్ని కుదించి చిట్టీ అని పిలుస్తుంది.

చనిపోవడానికి తొమ్మిదేళ్ళ ముందు అన్నయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఇది నరాల జబ్బు, తగ్గేది కాదన్నాడు డాక్టరు. ఫ్యాక్టరీలో తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. మిషన్ల చప్పుడులో గీత కుదరడం లేదు, ఇంటి దగ్గర గీసి తెస్తానని ఓనరుగారిని అడిగాడు. ఆయన సరేనన్నాడు. ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ అన్నయ్య చెయ్యి జేబులో పెట్టుకునే తిరిగేవాడు. అది మాస్టారి దర్జా అనుకునేవాళ్ళు అందరూ.

నాకు తెలిసింది ఒక ఆదివారం. చెప్పకుండా వాళ్ళింటికి వెళితే, వదిన భోజనాల బల్ల మీద కాగితం పరుచుకుని, మోకాలు కుర్చీ మీద ఆనించి గీస్తోంది. అన్నయ్య పక్కన కూర్చుని కొలతలు చెబుతున్నాడు. పెళ్ళికి ముందు వదిన కుట్టుపని నేర్చుకుంది గాని, ఇంత పనిమంతురాలని నేననుకోలేదు. అన్నయ్య నన్ను చూసి, నీ నోటికి గట్టి కుట్టొకటి వేసుకోవే చిటపటా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కళ్ళలో భయముంది. నా నోట్లో నువ్వుగింజ నానదని లోకమంతా చెప్పుకుంటుంది. ఈ ఒక్క సంగతి మాత్రం కడుపులో దాచుకున్నాను.

రెండేళ్ళు తిరిగేసరికి అన్నయ్య చెప్పడం కూడా మానేశాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వదిన గీస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని రేడియో వినేవాడు. ఆ తర్వాత వణుకు తలకి కూడా పాకి, కాలరు ఒరుసుకుని మెడంతా ఎర్రగా కమిలిపోయేది. ఫ్యాక్టరీలో ఎవరైనా అడిగితే మెడనరం లాగుతోందనేవాడు. చూడలేక వదిన ఆయన కోసమని ఒక కొత్త కాలరు గీసింది. వెనక కాస్త ఎత్తుగా ఉండి, పక్కల మెత్తగా వాలిపోతుంది. అన్నయ్య అది వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిన రోజే ఓనరుగారి కంట పడింది. ఆర్నెల్లలో దుకాణాలవాళ్ళు పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు. ఆ పేరు ‘మాస్టారి కాలరు’.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. అన్నయ్య పోయాక కటింగ్ హాల్లో సంతాపసభ పెట్టి, అలాంటి చేతులు మళ్ళీ పుట్టవన్నాడు ఓనరుగారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కన వదిన తల వంచుకుని కూర్చుంది.

ప్యాటర్న్ మాస్టరు కావాలని ఫ్యాక్టరీవాళ్ళు ప్రకటన వేసిన రోజు సాయంత్రం వదిన నా దగ్గరికి వచ్చింది. రెజ్యూమె కొట్టిపెట్టమంది. ప్యాటర్న్ పనిలో తొమ్మిదేళ్ళ అనుభవం, ఈ ఫ్యాక్టరీకే ఇన్ని రకాల షర్టులు, ఆ కాలరు, అన్నీ వరసగా ఒక కాగితం మీద రాసుకొచ్చింది. చదువుతుంటేనే నాకు ఒళ్ళు మండింది. పోయిన మనిషిని ఇప్పుడు దొంగని చేస్తావా, అన్నయ్య పరువేం కావాలని నిలదీశాను. వదిన గొంతు పెంచలేదు.

“పరువు నాకూ కావాలే చిట్టీ. కానీ రేపట్నించి ఇల్లెలా గడుస్తుంది? నాకు తెలిసిన పని ఇదొక్కటే. జబ్బు చేసిందని చెబుదాం. జబ్బు చేయడం తప్పు కాదుగా.”

నువ్వు తప్ప చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు చాలు అని బతిమాలింది. చెబుతానని చేతిలో చెయ్యి వేశాను. ఒక్క మాట పెంచకుండా టైపు చేశాను. పెంచడానికి అందులో చోటెక్కడుంది?

ఇంటర్వ్యూ రోజు ఓనరుగారు నన్ను కూడా గదిలోకి పిలిచాడు. కాగితం రెండుసార్లు చదివాడు. మంచి మనిషే, కోప్పడలేదు. ఏదమ్మా, ఒక షర్టు చెయ్యి గీసి చూపించు అన్నాడు. వదిన నిలబడే గీసింది. స్కేలు రెండుసార్లే పట్టుకుంది, చంక వంపు చేత్తోనే లాగేసింది. ఓనరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మాస్టారు బాగా నేర్పారమ్మా, అచ్చం ఆయన గీతే అన్నాడు. ఆయన గీత అంటూ ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా చూసి తొమ్మిదేళ్ళయిందని ఆయనకేం తెలుసు. వదిన మెల్లిగా జబ్బు సంగతి మొదలుపెట్టి, కాలరు దాకా వచ్చేసరికి ఓనరుగారి ముఖం మారిపోయింది. చెయ్యెత్తి ఆమెను ఆపి నావైపు తిరిగాడు.

“నువ్వు చెప్పమ్మా. మీ అన్నయ్య తొమ్మిదేళ్ళు నన్ను మోసం చేశాడా?”

వదిన గీసిందా అని అడిగి ఉంటే అవునని చెప్పేదాన్నేమో. ఇప్పటికీ అలా చెప్పుకుని నన్ను నేను సముదాయించుకుంటాను. కానీ ఆయన వాడింది మోసం అనే మాట. నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళినవాడు మోసగాడని నా నోటితో ఒప్పుకోవాలా? అంతేకాదు, ఇంకోటి కూడా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ ఫ్యాక్టరీలో నేను మాస్టారి చెల్లెల్ని. ఆ గౌరవం పోతుందని నాకు భయమేసింది.

“లేదు సార్,” అన్నాను. “గీసింది అన్నయ్యే. వదిన పక్కనుండి సాయం చేసేది.”

వదిన నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బతికిపోయేదాన్ని. ఏదో అర్థమైనట్టు తలాడించి, ఓనరుగారి వైపు తిరిగింది.

“అవును సార్. కాస్త ఎక్కువ చేసి రాయించాను.”

ఆయన గుండె బరువు దిగినట్టు వెనక్కి వాలాడు. కష్టంలో ఉన్నప్పుడు ఎవరైనా అంతేనమ్మా, రెజ్యూమెల్లో అందరూ ఇలాగే రాస్తారులే అని ఓదార్చాడు. మాస్టారి ముఖం చూసి హెల్పరుగా తీసుకుంటానన్నాడు. ఫైల్లో పెట్టడానికి మాత్రం ఈ కాగితం పనికిరాదు, సరైనది ఇంకోటి రాయించి తెమ్మన్నాడు.

డిస్పాచ్‌లో ఎవరూ లేని సమయం చూసి వదిన కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తానని లేచాను. వదిన నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఇప్పుడు చెబితే నమ్మరే. నా మీద జాలితో మాట మార్చావనుకుంటారు.”

అది నిజం. మింగలేక కక్కలేక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వదిన పక్కన కుర్చీ లాక్కుని ఒక్కొక్కటే చెప్పింది. అనుభవం, లేదు. ఇంతకు ముందు చేసిన పని, ఇంటిపని. మరి ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేసినట్టు రాయమంటావని అడిగితే, ఇంట్లో ఖాళీగా ఉన్నానని కొట్టమంది. ఖాళీగా అని టైపు చేయడానికి నా వేళ్ళు ఆడలేదు. వదిన తనే వంగి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ మాట కొట్టింది. ప్రింటు తీసి ఇస్తే పైనుంచి కిందికి చదువుకుంది.

“ఇందులో నిజమేమైనా మిగిలిందా చిట్టీ?”

“నీ పేరుంది వదినా,” అన్నాను.

ఆ పేరు కింద సంతకం పెట్టింది. మర్నాడు ఆఫీసులో ఆ కాగితాన్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తీసుకున్నారు. ఇప్పుడు వదిన రోజూ అందరికంటే ముందే వచ్చి, కొత్త మాస్టరు బల్ల తుడిచి, ఆయన పెన్సిళ్ళు చెక్కి పెడుతుంది. నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది, తిన్నావా అని అడుగుతుంది. నేనే కటింగ్ హాలు వైపు వెళ్ళడం మానేశాను.