తెడ్డు కత్తి

అప్పలరాజు గారు కాలవగట్టు మీద కట్టేసిన గేదెని పట్టుకుని, "ఎవరదీ, దుర్గారావేనా? టిఫినయ్యిందా?" అని పలకరించేరంట. కాంతమ్మ కళ్ళారా చూసిందంట. కాంతమ్మ సలోమికి చెబితే, సలోమి జాకెట్టు కొలతలిచ్చే వంకన వచ్చి వీరలక్ష్మి చెవిన వేసింది. వేసి, ముందు తనే నవ్వింది.

"గేదె తలూపిందంట వదినా! మన వీధి పెద్ద దుర్గారావు గారు కూడా అంతేగా, ఏదడిగినా తలూపుతారు."

వీరలక్ష్మి నవ్వలేదు. కుట్టుమిషను చక్రం మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"దసరా ఇంక పదకొండు రోజులే సలోమీ."

"ఉంటే? గురువు గారు ఎలాగూ కళ్ళకి గంతలు కట్టుకునే కదా కోసేది. చూపుంటే ఎంత, లేకపోతే ఎంత!"

ఊరంతా అనుకునేదీ అదే. కర్రసాము, కత్తిసాము నేర్పే ఆ వీధి తాలింఖానాకి అప్పలరాజు గారు గురువు. దసరా సాయంత్రం ఊరేగింపులో కుర్రాళ్ళు కర్రలు తిప్పుతారు, కత్తులు తిప్పుతారు. అవన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక ఎత్తు. వీరలక్ష్మి మొగుడు గంగబాబు చొక్కా విప్పి నడిరోడ్డు మీద వెల్లకిలా పడుకుంటాడు. పొట్ట మీద ఆనపకాయ పెడతారు. గురువు గారు గంతలు కట్టుకుని, అతని చుట్టూ మూడుసార్లు తిరిగి, కత్తెత్తి ఒక్క వేటు వేస్తారు. కాయ రెండు చెక్కలవుతుంది. పొట్ట మీద గాటు పడదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కోస్తున్నాడు, తొమ్మిదేళ్ళుగా గంగబాబు పడుకుంటున్నాడు. అమలాపురం నుంచి కూడా జనం బస్సులెక్కి వస్తారు ఆ ఒక్క వేటు కోసం.

ఆ గంతలు కుట్టేది వీరలక్ష్మి. మందపాటి నల్లగుడ్డే, కానీ కళ్ళ దగ్గర మాత్రం లోపలి పొర తీసేసి పల్చటి నల్ల మల్లుగుడ్డ అతుకుతుంది. బయటి వాళ్ళకి అమావాస్య, కట్టుకున్న వాళ్ళకి దోమతెర. కాపరానికొచ్చిన కొత్తలోనే గురువు గారు నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు ఆవిడ.

అంటే, ఆయన చూపు పోయిందంటే గంతలు మొదటిసారి నిజం గంతలవుతాయి. ఈ లెక్క ఊళ్ళో ఇంకెవరికీ తట్టే దారి లేదు.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కదిపింది.

"గురువు గారికి కనపడ్డం లేదంట కదండీ."

గంగబాబు తలెత్తలేదు. "ఎవరన్నారు?"

"ఎవరంటే ఏంటి? ఈ ఏడు మీరు పడుకోకండి."

"నేను పడుకోకపోతే ఆయన ఎవర్ని నమ్మి కత్తెత్తుతాడు? పిచ్చి మాటలు మాని పప్పు వెయ్యి."

పప్పు వేసింది. వేస్తుంటే పోయినేడు దసరా మర్నాడు అతని పొట్ట మీద కనపడిన ఎర్రగీత గుర్తొచ్చింది. కొబ్బరాకు గీసుకుందన్నాడు. కొబ్బరికాయలు ఒలిచే మనిషి, గీసుకుంటే గీసుకుని ఉంటుందిలే అనుకుంది అప్పుడు.

మర్నాడు కత్తి ఇంటికొచ్చింది. ఏటా వస్తుంది. ఒరకి పాత ముఖమల్ గుడ్డ ఊడదీసి కొత్త ఎర్రగుడ్డ తొడగడం కూడా ఆవిడ పనే. ఒరలో పెట్టిచ్చిన కత్తిని ఆయుధపూజ నాడు గురువు గారు తియ్యాల్సిందే తప్ప మధ్యలో ఇంకో చెయ్యి పడదు.

వీరలక్ష్మి కత్తి బయటికి లాగి నేల మీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది.

వాళ్ళ నాన్న పడవలు కట్టిన మనిషి. పోతూ పోతూ కూతురికి మిగిల్చింది ఒక సంచీడు పనిముట్లు, ఒక టేకు తెడ్డు. తుపానుకి గోడ తడిసినా తెడ్డుకి మాత్రం చెద అంటలేదు. వెడల్పు, పొడవు, మందం చూసుకుంది. దేవుడు కత్తికే కోసిపెట్టినట్టుంది.

గంగబాబు కాయల కొట్టుకి వెళ్ళగానే పెరట్లో పీచు బస్తాల చాటున కూర్చునేది. అసలు కత్తిని తెడ్డు మీద పెట్టి బొగ్గుతో గీత గీసింది. గీతకి అంగుళం అవతల బాడిసతో చెక్కింది. గీత దగ్గర పడ్డాక బాడిస వదిలేసి ఉలి పట్టింది. చిన్నప్పుడు నాన్న చెక్కుతుంటే కొస పట్టుకుని కూర్చునేది. "నార ఎటు పోతోందో అటే గీకాలమ్మా, ఎదురు గీకితే పెళ్ళ లేస్తుంది" అనేవాడు. రెండోనాడు తొందరలో ఎదురు గీకింది. మొన దగ్గర పెళ్ళ లేచింది. ఏడుపు ఆపుకుని, ఆ మేరకు మొన సన్నం చేసింది. కత్తి మధ్యలో ఉండే సన్నటి కాలవని గోరంత ఉలితో తీసింది. ఆకురాయితో రాసింది. చివర్న సోడాబుడ్డి పగలగొట్టి, గాజుపెంకుతో గీకింది. పెంకు వెంట చెక్కపొర ఉల్లిపొట్టులా చుట్టుకుని లేచేది. వేళ్ళకి బొబ్బలొస్తే సూది గుచ్చుకుందని చెప్పింది.

బరువు చాల్లేదు. పిడిలో తొర్ర తొలిచి, వలలకి కట్టే సీసం గుళ్ళు కూరి, మైనంతో మూసింది. గేట్లకి వేసే వెండి రంగు రెండు పూతలు వేసింది. ఆరో రోజుకి ఒరలో పెట్టి తీస్తే సర్రుమని జారింది. ఆనపకాయ సంగతీ ఆలోచించింది. అడుగు వైపు నుంచి ముప్పాతిక వంతు ముందే కోసి, కొబ్బరీనెలు గుచ్చి అతికేస్తే, చెక్క దెబ్బకయినా విడిపోతుంది. కాయ తెచ్చే వంతు ఎలాగూ వాళ్ళదే. అసలు కత్తి పీచు బస్తాల వెనక పడుకుంది.

దసరా మధ్యాహ్నం తాలిం గదిలో ఆయుధపూజ. ఆడవాళ్ళు గుమ్మం దాటరు. వీరలక్ష్మి గడప ఇవతల నిలబడింది. వీధి పెద్ద దుర్గారావు గారు భారీ శరీరంతో వంగలేక వంగి కొబ్బరికాయ కొట్టేడు. బయట డప్పుల వాళ్ళు సెగ పెట్టుకుంటున్నారు. అప్పలరాజు గారు కత్తి ఒరలోంచి తీసేడు. తీస్తూనే ఆయన చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. మళ్ళీ మామూలుగా కిందికి దిగింది.

ఎవరో అమ్మవారి పటం ముందు పీట మీద నిమ్మకాయ పెట్టేరు.

అది చూసేక గానీ వీరలక్ష్మికి గుర్తు రాలేదు. వీధిలోకి వెళ్ళే ముందు కత్తితో నిమ్మకాయ కోసి, చెక్కలు గుమ్మానికి అటొకటి ఇటొకటి వేస్తారు. ఏటా ఆ చెక్కలు ఊడ్చి పారేసేది తనే.

గురువు గారు తడిమి, కాయ మీద కత్తి ఆనించి నొక్కేడు. కాయ గోలీలా జారి దుర్గారావు గారి కాలి దగ్గరికి దొర్లింది. ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. మళ్ళీ పెట్టేరు. మళ్ళీ నొక్కేడు. కాయ తెగలేదు సరికదా, పచ్చటి తొక్క మీద వెండి గీత పడింది.

దుర్గారావు గారు కత్తి లాక్కుని గోటితో గీకేడు. 

"చెక్క! చెక్కండీ ఇది! అమ్మవారి ముందు చెక్కకత్తి పెట్టిందెవడ్రా?"

లోపల ముప్పై మంది మగవాళ్ళు.  వీరలక్ష్మి గడప దాటింది.

"ఎవడూ కాదండి. నేను. నేనే చెక్కేను. గురువు గారికి చూపు లేదండి."

"నీకేవన్నా మతి పోయిందా? గంతలు కట్టుకునే మనిషికి చూపుతో పనేంటి?"

ఒట్టు గుర్తొచ్చి ఆవిడ పెదాలు బిగించింది. అప్పుడు అప్పలరాజు గారే నోరు విప్పేడు.

"గంతల్లోంచి కనపడుద్దిరా దుర్గారావూ. ఇన్నేళ్ళూ చూసే కొట్టేను. ఇప్పుడు గంతలు విప్పినా కనపడదు. నరం ఎండిపోయింది, ఇంక రాదన్నారు కాకినాడలో."

దుర్గారావు గారు గోడకి ఆనుకున్నాడు. ముసలాయన వీరలక్ష్మి గొంతు వచ్చిన వైపు తల తిప్పేడు.

"ఒరలోంచి తియ్యగానే తెలిసిందమ్మా. ఎవరో పుణ్యాత్ములు మార్చేరు, ఈ ఏడు గట్టెక్కేను అనుకున్నాను. అన్నీ బాగా చేసేవు. నిమ్మకాయ మర్చిపోయేవు."

వీరలక్ష్మి ఒకడుగు ముందుకి వేసింది. "ఎన్నాళ్ళయిందండి, కనపడక?"

"మూడేళ్ళు. మీ ఆయనకి తెలుసు."

గంగబాబు నేల చూస్తున్నాడు. చొక్కా అప్పుడే విప్పేసి ఉన్నాడు.

"దగ్గేవాణ్ణి," అన్నాడు మెల్లిగా. "ఆయన చుట్టూ తిరుగుతుంటే, చోటుకి రాగానే ఒకసారి. కత్తి సరిగ్గా కాయ మీదికొచ్చేక ఇంకోసారి. ఆ రెండో దగ్గుకి కొట్టేవారు."

వీరలక్ష్మి అతని మొహం చూసింది, పొట్ట చూసింది. పోయినేడు దసరాకి అతనికి జలుబు చేసింది. కత్తి కింద దగ్గితే పొట్ట కదులుతుందని, తనే కూర్చోబెట్టి అరసీసా దగ్గుమందు తాగించి పంపింది. ఆ మత్తులో దగ్గుదామన్నా ఒక్క దగ్గు కూడా రాకుండా.

"కొబ్బరాకు గీసుకుందన్నారు," అంది. 

అతను గీత పడిన చోట చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బయట డప్పు ఒకటి మోగి ఆగింది. వీధి నిండా జనం వచ్చేసేరు, బిందెలతో నీళ్ళు చల్లుతున్నారు రోడ్డు మీద. దుర్గారావు గారు కండువాతో మెడ తుడుచుకుని ఒకసారి బయటికి, ఒకసారి అమ్మవారి వైపు చూసేడు.

"సరే, అయిందేదో అయింది. ఇది ఈ గది దాటకూడదు. టైమైపోతోంది. మూడేళ్ళు అవ్వని ప్రమాదం ఇవాళే అవుద్దేంటి? గంగబాబు దగ్గుతాడు, గురువు గారు కొడతారు, అంతే. అమ్మాయ్, అసలు కత్తి ఎక్కడ పెట్టేవో పట్టుకురా."

వీరలక్ష్మి కింద పడున్న గంగబాబు చొక్కా తీసి, దులిపి, అతని భుజం మీద వేసింది. వేసి, దుర్గారావు గారి వైపు తిరిగింది.

"ఆయ్, తెస్తానండి. మీరు చొక్కా విప్పి పడుకోండి."