మంగళ, శుక్రవారాల నూనె

మంగళ, శుక్రవారాల్లో మాత్రమే నా తులసి నూనె మారిపోతోంది. మూడు వారాలుగా ఇదే తలనొప్పి. పంజాగుట్టలో పెరడంతా తులసి పెంచే ఉదయలక్ష్మి గారు రోజూ పొద్దున్నే కవరు నిండా ఆకు ఇస్తారు. అమీర్‌పేటలోని మా ల్యాబ్‌లో దానికి ఆవిరి పట్టించి నూనె తీసి, అందులో ఏమేం ఉన్నాయో యంత్రంలో చూస్తాను. మిగతా రోజుల గ్రాఫులు కవల పిల్లల్లా ఉంటాయి. ఆ రెండు రోజులూ తేలిగ్గా ఎగిరిపోయే పదార్థాలు సగానికి పడిపోతాయి. గాజు సామానంతా మళ్లీ కడిగాను. యంత్రాన్ని తిట్టాను.

"జర మైత్రీవనం పోయి జావా నేర్చుకో అర్జూ. ఆడ తప్పు ఏ లైన్ల ఉందో కంప్యూటరే చెప్తది" అన్నాడు పక్క బల్ల తారక్. వాడి ముక్కు మీద గుద్దాలనిపించింది.

ఈ వారం బుధవారం నూనె ఇంకా అన్యాయంగా వచ్చింది. ఇక ఆగలేక ఉదయలక్ష్మి గారినే అడిగాను.

"ఆంటీ, మంగళవారం, శుక్రవారం మీ చెట్లకు ఏమైతుంది? మొన్న బుధవారం సుత గట్లనే అయింది."

"చెట్లకేం కాలేదమ్మా. మంగళ, శుక్రవారాలు తులసి కొయ్యకూడదుగా? ముందురోజే కోసి ఫ్రిజ్‌లో పెడతాను. బుధవారమేమో ద్వాదశి, ఆ రోజూ కొయ్యకూడదు. అది సోమవారం ఆకు."

"నాకొక్క మాట చెప్పొద్దా ఆంటీ?"

ఆవిడ నాకంటే అయోమయంగా చూశారు.

"రోజూ ఇమ్మన్నావు, ఇచ్చాను. రోజూ కొయ్యమని ఎప్పుడన్నావు?"