దయామణి ఎల్టీసీ

"నువ్వేం కంగారుపడకు. రైలెక్కి కూర్చోవడమే మన పని" అన్నాడు సువర్ణరాజు.

ఇడ్లీ రేకుల్లో పిండి పోస్తున్న దయామణికి మొగుడి మాటకి నవ్వొచ్చింది. ఆ కూర్చోవడం కోసం ఆమె నాలుగు నెలలుగా నిలబడే ఉంది.

నూజివీడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమె తొమ్మిదేళ్లుగా ఆపరేటరు. మామిడి సీజను వస్తే వ్యాపారులు నాగపూరుకీ ఢిల్లీకీ కలకత్తాకీ ట్రంకు కాల్స్ బుక్ చేస్తూనే ఉంటారు. ఆ ఊళ్లన్నీ ఆమెకు గొంతులుగానే తెలుసు. నాగపూరు ఆపరేటరుకి ఎప్పుడూ జలుబే. కలకత్తా ఆవిడ "హలో" అంటే పాట మొదలుపెట్టినట్టుంటుంది. ఆ గొంతుల వెనక వీధులు ఎలా ఉంటాయో, అక్కడి ఆడవాళ్లు పొద్దున్నే ఏం వండుకుంటారో చూడాలని ఆమెకు ఎన్నాళ్లనుంచో కోరిక. నాలుగేళ్లకోసారి సర్కారు రైలు ఛార్జీలిచ్చి ఉద్యోగినీ కుటుంబాన్నీ దేశంలో ఎక్కడికైనా పంపుతుంది. కిందటిసారి ఆ ఎల్టీసీ అత్తగారి కంటి ఆపరేషన్లో కలిసిపోయింది. ఈసారి ఎలాగైనా వెళ్లాలనుకుంది. విజయవాడ స్టేషన్లో టైంటేబుల్ కొనుక్కొచ్చి, నాగపూరు, ఢిల్లీ, ఆగ్రా, కాశీ, కలకత్తా, పూరీ అని ఇరవై రెండు రోజుల దారి గీసింది. ఊరూరా సిస్టర్ల కాన్వెంట్లకి బస కోసం పదకొండు ఉత్తరాలు రాస్తే ఏడింటికి జవాబులొచ్చాయి. అంతా కుదిరాక సువర్ణరాజు హనుమాన్ జంక్షన్ టీకొట్లో కూర్చుని "మావాళ్లకి దేశమంతా చూపిస్తున్నా" అన్నాడట. ఆ సంగతి ఆమెకు కూరగాయల మంగమ్మ చెప్పింది.

ప్రయాణం మూడు వారాలుందనగా ఉంగుటూరు నుంచి ఆడపడుచు పద్మ ఉత్తరం రాసింది. మే నెలాఖరుకి డాక్టరు రోజులు చెప్పిందనీ, పురిటికి వస్తున్నాననీ.

"పురిటికొచ్చే పిల్లని గాలికొదిలేసి ఇంటికి తాళమేస్తామేంట్రా" అంది అత్తగారు జోజమ్మ. "దయ ఉంటుందిలే. పిల్లలు ఆశపడ్డారు, నువ్వు తీసుకెళ్లు."

"అదే బాగుంది" అన్నాడు సువర్ణరాజు. "నీ సెలవు ఎలాగూ మంజూరైందిగా, ఇంటిపట్టున ఉండొచ్చు. ఉద్యోగస్తులు వెళ్లకపోయినా కుటుంబానికి ఇస్తారంట. నేను కనుక్కున్నాను."

ఆ నాలుగు నెలల్లో ఆయన కనుక్కున్నది ఆ ఒక్కటే.

పద్మ మంచిపిల్ల. అత్తగారూ చెడ్డమనిషేం కాదు, దయామణి రెండు పురుళ్లకీ దగ్గరుండి నీళ్లు పోసింది. చెడ్డవాళ్లయితే కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. మంచివాళ్ల మధ్య తన కోరిక ఒక్కటే చెడ్డదిలా కనిపిస్తోంది.

ఆదివారం గుడి నుంచి వచ్చాక సువర్ణరాజు అన్నాడు. "పిల్లల సంగతులు ఓ కాగితం మీద రాసిపెట్టు. సలోమోనుకి వాంతులైతే ఏం మందెయ్యాలి, అవీ ఇవీ."

మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. సలోమోనుకి ప్రయాణం ముందు పాలు ఇవ్వకూడదు. రూతు కడుపునొప్పి అని చెప్పదు, గోళ్లు కొరుకుతుంది, అప్పుడు అడగాలి. కాచిన నీళ్లే పట్టాలి. ఆగ్రాలో దిగాక కాన్వెంటుకి ఏ దారిన వెళ్లాలి. కాశీలో మదర్ గారి పేరేంటి. నాలుగో పేజీకి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఆయనకి తన తెలివి కావాలి, తన జ్ఞాపకం కావాలి, తన ఉత్తరాలు కావాలి. తనొక్కతే అక్కర్లేదు.

ఆ నాలుగు పేజీలూ మడిచి తన హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం కాఫీతోపాటు ఆ కాగితం మొగుడి చేతికిచ్చింది.

"పిల్లల్ని నేను తీసుకెళ్తానండీ. వాళ్ల సంగతులు నాకు రాసివ్వక్కర్లేదుగా. పురుడు చూసుకోవడానికి అత్తయ్యగారున్నారు. ఇంటి పని చూసుకోవడానికి మీరుంటారు. ఇందులో అన్నీ రాశాను."

"నేనా" అన్నాడు సువర్ణరాజు.

"పద్మ మీ చెల్లెలేగా."

జోజమ్మకి చదువు రాదు. "ఏం రాసిందిరా, చదువు" అంది.

అతను చదవడం మొదలుపెట్టాడు. ఐదింటికి కుళాయి వస్తుంది, ఆరింటికల్లా ఆగిపోతుంది. అత్తయ్యగారికి బీపీ మాత్ర టిఫిన్ తర్వాత, మజ్జిగలో ఉప్పు వెయ్యకూడదు, అడిగినా వెయ్యకూడదు. పద్మకి పాలు రెండుపూటలా, మీగడ తీసి. చదువుతున్నకొద్దీ అతని గొంతు తగ్గిపోయింది.

"వేళాంగణి మాత దగ్గరికి వెళ్దామని మీ నాన్న టికెట్లు కూడా తెచ్చాడు" అంది జోజమ్మ కొడుకుతో. "నువ్వు కడుపులో ఉన్నావని మా అత్తగారు ఆపేసింది. మళ్లీ వీలు పడనే లేదు." కోడలి వైపు తిరిగింది. "వెళ్లిరా అమ్మా. వీడి సంగతి నేను చూస్తాను."

సువర్ణరాజు ఇంకా కాగితంలోనే ఉన్నాడు.

"దయా, ఇన్ని పనులా? ఒక్కరోజులోనే?"

"అవి పొద్దుటివేనండీ" అంది దయామణి. "కాగితం తిప్పండి."