ఎత్తు పోయిన ఎర్రగుట్ట

శనివారం పొద్దున అమీనా కంప్యూటర్‌లో డ్రాయింగు తెరిచేసరికి ఎర్రగుట్ట ఎత్తు సున్నా అయి ఉంది.

రెండు వందల పద్నాలుగు కాంటూరు గీతలు. ఒక్కో గీత గుట్ట మీద ఒక్కో ఎత్తును చెప్పాలి. దేన్ని అడిగినా కంప్యూటర్ జవాబు ఒకటే: సున్నా. ఫ్లాపీలో దాచిన నకలు కూడా అంతే.

సోమవారం ఆ డ్రాయింగు హైదరాబాద్ పోవాలి. ఎత్తులు లేకపోతే గుట్ట పక్కన తవ్వబోయే కాలువ ఎటు పారుతుందో ఎవరూ చెప్పలేరు.

“గీతల్ని సున్నాకు దింపేది ఈ ఆఫీసుల ఎవరు?” యాదగిరి అరిచాడు. మహబూబ్‌నగర్ బస్టాండు వెనక ఆ ఆఫీసు ఆయనదే. ఆ డ్రాయింగు గీసిన ఇంజనీరూ ఆయనే.

“నేనే సార్. ఎత్తులుంటే ప్లానుల కొలతలు తప్పొస్తయి, గందుకు దింపుత. కానీ వేరే నకలు మీదనే. అసలుది ముట్టలే.”

“మరి గుట్ట నడుసుకుంట దిగిందా? సాయంత్రం దాక సూస్త. తేలకపోతే సోమవారం నుంచి రాకు.”

తలుపు దడాలున మూసుకుంది.

అది తొంభై ఆరో సంవత్సరం. పాలమూరులో కంప్యూటరున్న ఆఫీసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ చెడ్డపేరొస్తే ఇంకెక్కడా కుర్చీ దొరకదు.

అమీనా ఫైలు వివరాలు తీసింది. చివరిసారి మార్చింది శుక్రవారం, ఒంటిగంటా నలభైకి. ఆ వేళకు ఆమె ఇంట్లో అన్నం తింటోంది. యాదగిరి జడ్చర్లలో ఉన్నాడు.

ఆఫీసులో ఉన్నది మల్లప్ప ఒక్కడే.

ముప్పై ఏళ్లు చేత్తో పటాలు గీసిన మనిషి. కంప్యూటర్ వచ్చాక ఆయన బల్లను కిటికీ పక్కకు జరిపేశారు. ఇప్పుడా బల్ల మీద టిఫిన్ డబ్బా తప్ప ఏమీ ఉండదు.

“కాకా, నిన్న మిషన్ ముందర కూసున్నవా?”

ఆయన మొనదేలిన పెన్సిల్నే మళ్లీ చెక్కుతున్నాడు. “గా మిషన్ నాకేమొస్తది బిడ్డా?”

“నెల సంది నా కుర్చీ ఎనక నిలబడే కదా చాయ్ తాగుతున్నవు. నా పేరు ఖరాబైతాంది కాకా. నన్నెవరూ పనిల పెట్టుకోరు.”

పెన్సిల్ ఆగింది.

“నేనే జేసిన. గీతలు దింపనీకి నువ్వు మిషన్ల కొట్టేటియి అగ్గిపెట్టె మీద రాసుకున్న. నకలు గూడ వదల్లే. నాతోని సర్వేకొచ్చే పీర్ మహమ్మద్ ఉన్నన్నాళ్లు వాడు గుట్ట మీద కర్ర పట్టుకుంటే, నేను దుర్భిణిల సూసి అంకెలు ఒర్లుతుంటి. వాడు సచ్చిపోయినంక మాట్లాడే మనిషే లేకపాయె. గీ డ్రాయింగు కోసం సారు రెండు నెలలు నా పక్కన కూసున్నడు. గుట్ట ఎత్తులు రాసిన లెవల్ బుక్కుల నా రాత నాకు తప్ప ఎవరికీ తెల్వదు. నేను సదువుడు, సారు మిషన్ల కొట్టుడు. ‘ఇంకోసారి చెప్పు మల్లప్పా’ అంటుండె. పని అయిపోయింది. ఇప్పుడు నా దిక్కు సూడకనే పోతుండు. ఎత్తులు పోతే మళ్ల పిలుస్తడనుకున్న. మిషనే చెడిందనుకుంటరు, నీ మీదికొస్తదనుకోలే బిడ్డా. పా, సారుకు నేనే చెప్త. పనిల నుంచి తీసేస్తే తీసెయ్యనీ. గా బుక్కులు మళ్ల సదివి అయిపోయేదాక మాత్రం నన్ను కూసోనియ్యమను.”