నడిమి చుక్క

మేనమామ దగ్గర పని మానుకుని వేరే బతుకు మొదలుపెట్టిన రోజున ఆయన చేతిలో ఉన్నవి మూడే. సన్నమూతి పటకారు ఒకటి, ఇత్తడి చట్రంలోకి మడుచుకునే చిన్న భూతద్దం ఒకటి, ఫలానా ఆయన మేనల్లుడన్న పేరు ఒకటి. మొదటి రెండూ మేనమామ ఇచ్చాడు. మూడోది ఇవ్వకపోయినా వచ్చింది. వజ్రాల దళారీకి అంతకుమించి పెట్టుబడి అక్కర్లేదు. రాయి ఒకరిది, కొనే చెయ్యి మరొకరిది. మధ్యలో తిరిగే కాళ్ళూ చూసే కన్నూ మాత్రమే తనవి. పెళ్ళి కూడా ఆ ఏడే అయింది గానీ, దాన్ని ఆయన వచ్చిన లాభంగా ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఇంట్లో ఉండే సరుకు కింద వేసుకున్నాడు.

ఈ పొద్దున ఆయన ఆ భూతద్దాన్నే తుడుస్తున్నాడు. పాత చొక్కా చించిన మెత్తటి ముక్కతో గాజును ముందు ఒకవైపు, తర్వాత రెండోవైపు తుడిచి, నోటితో ఊది, మళ్ళీ తుడిచాడు. ఇది రోజూ చేసే పనే. ఆ తర్వాత చేసింది మాత్రం ఈమధ్య మొదలైన పని. భార్య వంటింట్లో ఉందని చూసుకుని, దినపత్రికలోని పెద్ద అక్షరం మీద అద్దం పెట్టి, కన్ను ఆనించాడు. అక్షరం అంచులు గీసినట్టు ఉన్నాయి. నడుమ మాత్రం ఎవరో తడివేలితో అద్దినట్టు చెరిగిపోయింది.

కళ్ళ డాక్టరు ఆ మాట ముందే చెప్పాడు. కంటి వెనక పొర నడిమధ్యలో అరిగిపోతోంది, పక్కలు కనిపిస్తాయి, నడుమ పోతుంది, రెండు కళ్ళకీ అంతే, తిరిగి రాదు. ఆయన శ్రద్ధగా విని, ఫీజు ఇచ్చి, ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పలేదు. పని మానలేదు.

"బయల్దేరదామా, ఆ అద్దానికి చిల్లు పడేదాకా ఆగుదామా?" అంది భార్య గుమ్మంలోంచి. అప్పటికే చెప్పులేసుకుంది. చేతిసంచీ భుజాన ఉంది.

ఇన్నేళ్ళలో ఆమె ఆయన పనిచేసే చోటికి ఒక్కసారీ రాలేదు. రాయి కావాలని అడగనూ లేదు. పదిరోజుల కిందట అన్నం తింటూ ఉన్నట్టుండి, "నాకో ఉంగరం చేయించండి. రాయి మీరే ఎంచాలి" అంది.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడేమిటే?"

"ఇన్నేళ్ళూ అడగలేదు కాబట్టే అడుగుతున్నా. వడ్డీ కూడా ఇవ్వమన్నానా?"

ఎలాంటి రాయి కావాలో కూడా ఆమే చెప్పింది. మిలమిలా మెరిసిపోయేది వద్దు, పలకలా ఉంటుందే, లోపలికి నీళ్ళలోకి చూస్తున్నట్టుంటుందే, అది. ఎమరాల్డ్ కట్. ఆ మాట విని ఆయనకు మొదట ముచ్చటేసింది, తర్వాత భయమేసింది. గుండ్రంగా కోసిన రాయికి ముఖాలెక్కువ. వెలుగును ఎటంటే అటు విసిరికొడుతుంది, ఆ తళుకులో చిన్నాచితకా లోపం కలిసిపోతుంది. ఎమరాల్డ్ కట్ అలా కాదు. నాలుగు మూలలూ చెక్కిన పొడుగు పలక, చుట్టూ లోపలికి దిగే మెట్లు, పైన వెడల్పాటి చదును. తలుపులన్నీ తీసిపెట్టిన ఇల్లు. లోపల ఏది ఉన్నా ఉన్నట్టే కనిపిస్తుంది, చూసే కన్నుంటే.

*

వ్యాపారులు కూర్చునే ఆ పాత భవనం కిందనే కాపలాదారు వాళ్ళను ఆపాడు.

"ఏం కిటికీ గారూ, ఇవాళ తలుపును కూడా వెంటబెట్టుకొచ్చారు!"

"తలుపు లేకపోతే మీ కిటికీ ఇన్నాళ్ళూ గాలికి కొట్టుకునేది నాయనా" అంది ఆమె ఆగకుండా. కాపలాదారు నవ్వుతూ పక్కకు జరిగాడు.

కిటికీ అన్నది ఆ భవనం ఆయనకు పెట్టిన పేరు. బల్లమీది దీపం కింద ఎవరు ఏ రాయి చూపించినా ఆయన నమ్మడు. పటకారుతో పట్టుకుని లేచి, కిటికీ దగ్గరికి పోయి, ఎండ నేరుగా పడని వెలుతురులో చూస్తాడు. కిటికీ గారు బాగుందంటే ఇక రాయి తిప్పి చూడక్కర్లేదని కొనేవాళ్ళు అనుకునే రోజు వచ్చింది. పోయిన నెలలో ఒక షావుకారు ఆయన చేతిలోని పొట్లం విప్పకుండానే తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

మూడో అంతస్తులో రాళ్ళావిడ గది. భర్త పోయాక వ్యాపారం చేతికి తీసుకున్న మనిషి. పటకారు పట్టడం, రాయి తిప్పడం, మొహంలో ఏమీ కనబడనీయకపోవడం ఈయన దగ్గరే నేర్చుకుంది.

"రండి వదినా. ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?"

"దారి తెలుసమ్మా. మీ అన్నయ్య జేబు దారి తెలియడానికే ఇంతకాలం పట్టింది."

టీ వచ్చింది. రాళ్ళావిడ మూడు పొట్లాలు విప్పి, మూడు రాళ్ళు తెల్లకాగితం మీద పెట్టింది. ఆ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. మంచి రాయి పక్కన లోపమున్నవి కూడా పెడతారు. అది మోసం కాదు. చూసేవాడి కంటికి ఇచ్చే మర్యాద. నీకు తేడా తెలుస్తుందని నాకు తెలుసు అని చెప్పడం. ఆమెకు ఆ మర్యాద నేర్పింది ఆయనే.

ఆయన కిటికీ తెరిచాడు. ఒక్కో రాయినీ ఎత్తి, అంచు చుట్టూ తిప్పి, నాలుగు మూలలూ చూశాడు. ఎప్పటికంటే ఎక్కువసేపే చూశాడు. మొదటిదాని మూల కొంచెం పలుచన. మూడోదాని అంచు ఒకచోట మందం. రెండోదాని మూలలు దారం పట్టి కొలిచినట్టున్నాయి.

"ఇది" అన్నాడు.

రాళ్ళావిడ మొహంలో ఏమీ కనబడలేదు.

"నేనూ చూడొచ్చా?" అంది భార్య. రాళ్ళావిడ ఆమెకు భూతద్దం పట్టుకోవడం చూపించింది. ఆమె ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి చూసి, "ఊఁ" అని తిరిగి ఇచ్చేసింది.

బేరం పెద్దగా సాగలేదు. రాళ్ళావిడ చెప్పిన ధరకే ఆయన తలూపాడు. "ఖాయం" అన్నాడు. ఆ గదుల్లో ఆ మాటకు తిరుగు లేదు. ఇద్దరూ అన్నాక సంతకం కూడా అక్కర్లేదు. రెండో ఖాయం కోసం ఆయన చూశాడు.

రాళ్ళావిడ రెండో రాయిని పొట్లంలో పెట్టి మడిచింది. "ఇది ఇవ్వలేనన్నయ్యా."

"అదేమిటి?"

"వేరేవాళ్ళకు మాటిచ్చాను. మర్చిపోయి తీశాను."

"సరే" అన్నాడు ఆయన. "కాస్త గాలి పీల్చుకొస్తాం."

*

వసారాలో చెక్కబల్ల ఉంది. ఆయన కూర్చున్నాడు. భార్య పక్కన కూర్చుంది.

ఆయన లెక్క వేయడం మొదలుపెట్టాడు. బతుకంతా చేసిన పని అదే కాబట్టి అది దానంతటదే సాగింది. మాటిచ్చిన రాయిని ఎవరూ ఇంకొకరి ముందు పెట్టరు. పెట్టినా, మర్చిపోయానని చెప్పరు. ఆ ఆడమనిషి ఏదీ మర్చిపోయే రకం కాదు. ధర కుదిరాక అమ్మేవాళ్ళు వెనక్కి తీసుకుంటే కారణాలు రెండే. ధర చాలలేదు, లేదా కొనేవాడు మోసపోతున్నాడు. ధర ఆమె అడిగినదే.

"నువ్వు దాన్లో ఏం చూశావ్?" అన్నాడు.

"నల్లచుక్క. నడిమధ్యన. ఆవగింజలో సగం కూడా ఉండదు."

"అక్కడే చెప్పొచ్చుగా?"

"మీ బేరం మధ్యలో నోరు పెడితే ఊరుకునేవారా? అయినా నేను రాళ్ళేరింది బియ్యంలోనే. అది ఉండాల్సిన చుక్కేమో అనుకున్నానని చెబుదామనుకున్నా." ఆమె సంచీ పట్టీ సవరించుకుంది. "అబద్ధం ఎందుకులెండి. తెలుసు."

"ఏం తెలుసు?"

"కొన్నాళ్ళుగా మీరు నాతో మాట్లాడుతూ నా చెవిని చూస్తున్నారు. మొదట్లో కమ్మలు కొనిపెడతారేమోనని ఆశపడ్డాను."

ఆయనకు నవ్వొచ్చింది.

"చెవిని చూస్తేనే నీ మొహం కనబడుతోంది" అన్నాడు. "నేరుగా చూస్తే ఉండట్లేదు."

మెట్ల మీద ఎవరో పైకి వెళుతూ "కిటికీ గారూ, సాయంత్రం కనబడండి, పని ఉంది" అని అరిచాడు. ఆయన చెయ్యెత్తాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను. నయం కాదన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నోటితో అంటే ఖాయమైపోతుందని."

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "నాకు ఉంగరం మీద మోజేం లేదండీ. గిన్నెలు తోమే చేతికి ఎందుకది? రేపు ఎవరి రాయో తీసుకుని, బాగుందని మీరంటే, చూడకుండా కొనేస్తారు జనం. ఆ తర్వాత ఎవడో చూస్తాడు. అప్పుడు పోయేది రాయి కాదు. తెలిసేదేదో మన రాయి మీదే తెలిస్తే నష్టం ఇంట్లోనే ఉంటుందనుకున్నా."

ఆయన ఆమె చెవి వైపు తిరిగి ఆమెను చూశాడు. ఇంత పెద్ద వ్యాపారిని ఇన్నేళ్ళూ ఇంట్లో ఉండే సరుకు కింద వేసుకున్నానే అనుకున్నాడు. లెక్కలో అంత పెద్ద తప్పు ఆయన ఇంకెక్కడా చేయలేదు.

"పద" అన్నాడు. "రాయి కొనకుండా దిగితే కాపలావాడు నవ్వుతాడు."

*

రాళ్ళావిడ పొట్లాలు ఇంకా తీయలేదు. వాళ్ళు వస్తారని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"చెల్లెమ్మా, మాటిచ్చిన రాయిని కూడా బయటపెట్టు. ఈసారి చూసేది మీ వదిన. అడిగేది నేను."

ఆమె మళ్ళీ మూడూ పెట్టింది. ఆయన భార్య చేతికి పటకారూ తన భూతద్దమూ ఇచ్చి, వేళ్ళు సరిచేసి, భుజాలు పట్టి కిటికీ వైపు తిప్పాడు.

"నలిపేయకు. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో. ఏం కనిపిస్తోంది?"

"మెట్లు. ఒకదాని కింద ఒకటి. నాలుగు పక్కలా దిగుతున్నాయి."

"నడుమ?"

"నడుమ... నా వేలి గీతలు కనబడుతున్నాయండీ అవతల నుంచి."

"అద్దంలోంచి చూసినట్టా?"

"అచ్చం అలాగే."

"లోతు చాలని రాయి. వెలుగు కిందికి కారిపోతోంది. పక్కన పెట్టు."

రాళ్ళావిడ పెదవి కొరుక్కుంది. అది ఆమెకూ తెలిసిందే.

రెండోది ఎత్తగానే భార్య దించేసింది. "ఇది చుక్కది."

"కావాలంటే చుక్కదే తీసుకోండి వదినా, అన్నయ్య ఎంచింది కదా. ధర నేను తగ్గిస్తాను."

"వద్దమ్మా. రోజూ నా వేలు చూసి ఈయన నొచ్చుకుంటాడు. నాకెందుకా పీడ?"

మూడోదాన్ని ఆమె చాలాసేపు చూసింది. ఆయన తొందరపెట్టలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆమె చెంప మీద పడుతోంది. అంతవరకు ఆయనకు బాగానే తెలుస్తోంది.

"తిప్పుతుంటే ఒక మెట్టు తెల్లబడుతోంది, దాని పక్కది నల్లబడుతోంది. మళ్ళీ అటుదిటు. పెద్ద ఇంట్లో ఎవరో ఒక్కో గదిలో దీపం వేస్తూ, ఆర్పుతూ పోతున్నట్టుంది."

"వేలి గీతలు?"

"లేవు."

"చుక్క?"

"ఏమీ లేదు. ఊరికే లోతు."

"అంచు ఒకచోట మందంగా ఉంది, అది నాకు తెలుసు. ఉంగరంలో బిగించేటప్పుడు కంసాలి దాన్ని పట్టీ కింద దాచేస్తాడు." ఆయన రాళ్ళావిడ వైపు తిరిగాడు. "ఖాయం."

"ఖాయం" అంది ఆమె.

"నేను కూడా అనాలా?" అంది భార్య.

"నువ్వే ముందనాల్సింది."

ఆయన చొక్కా లోపలి జేబులోంచి రెండు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. రాళ్ళావిడ అమ్మిపెట్టమని ఇచ్చినవే. "ఇవి నీవి. ఇంకెవరికైనా ఇయ్యి. మిగతావాళ్ళవి దిగుతూ ఇచ్చేసి పోతాను."

"రేపు రారా?"

"రాను."

ఆమె పొట్లాల మీద చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉంచింది. "మరి కిటికీ ఎవరు తెరుస్తారన్నయ్యా?"

"నీ చేతులకేం రోగం?"

ఆమె నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. మూడో రాయి పొట్లం మడిచి ఆయనకివ్వబోతే, ఆయన భార్య వైపు చూపించాడు. ఆమె దాన్ని సంచీలో, తాళంచెవుల పక్కన వేసుకుంది.

గుమ్మం దగ్గర భార్య ఆగింది. "కిటికీ గట్టు మీద భూతద్దం మర్చిపోయారు."

"మర్చిపోలేదు."

ప్రతి అంతస్తులోనూ ఒకటి రెండు తలుపుల దగ్గర ఆగి, ఎవరి పొట్లం వాళ్ళకిచ్చి, ఇక తిరగలేనని చెప్పి దిగారు. ఎవరూ పొట్లం విప్పి చూసుకోలేదు. మెట్ల నడుములు కనిపించక ఆయన గోడను తడుముతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. లెక్క ఆయన దిగుతూనే ముగించాడు. మూడింటితో వచ్చాడు. పటకారు జేబులో ఉంది. పేరు మచ్చపడకుండా మిగిలింది. పైగా చేరినవి ఒక రాయీ, దాన్ని చూసిన రెండు కళ్ళూ. ఆ కళ్ళు మొదటినుంచీ తనవేనని ఇవాళే తెలిసింది.

పైన, మూడో అంతస్తు కిటికీ గట్టు మీద, బొటనవేలు ఆనేచోట అరిగి తెల్లబడిన ఇత్తడి చట్రం తెరిచే ఉంది. దాని గాజు నిండా, నడిమధ్య వరకూ, చుక్క లేని ఆకాశం.