బొడ్డుపేగు పాతిన జాగ

బాలరాజు పేరు ఎత్తితే సత్తయ్యకు ముద్ద గొంతు దిగదు. అందులో ఆయన తప్పుందో లేదో, పూర్తిగా చదివి మీరే చెప్పండి.

శామీర్‌పేట దాటాక ఒక ఊళ్లో చెరువునే నమ్ముకున్న కుటుంబాలున్నాయి. వాళ్లకో మత్స్య సంఘం. కట్ట పక్కన సంఘానికి సొంత జాగ ఉండేది, వలలు అక్కడే ఆరేసేవారు. ఆ ఇళ్లలో మగపిల్లవాడు పుడితే బొడ్డుపేగు ఆ జాగలోనే పాతేవారు. అక్కడ తన పేగు ఉన్నవాడే సంఘానికి పెద్ద కావాలన్నది ఎవరూ రాయని కట్టుబాటు.

సత్తయ్య గజ్వేల్ వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. దుర్గాబాయిని చేసుకున్న ఏడాదే పుట్టిన ఊరి సంఘంలో పేరు కొట్టేయించుకుని ఇక్కడ రాయించుకున్నాడు. అప్పటినుంచి చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకిన ప్రతిసారీ, చేపలు కొట్టుకుపోకుండా నడుం లోతు నీళ్లలో దిగి అడ్డం వల కట్టేది ఆయనే. బాలరాజు పేగు ఆ జాగలోనే ఉంది గానీ, మనిషి మచ్చ బొల్లారంలో ఉంటూ ప్లాట్ల బేరాలు చేస్తాడు. ఆయన వల తడిసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు.

కట్ట అవతల వెంచర్ వేసినవాళ్లకు రోడ్డు కోసం ఆ జాగ కావలసి వచ్చింది. సంఘం అధ్యక్షుడి సంతకం లేనిదే అది దొరకదు. జాగ పోతే వలలు ఎక్కడ ఆరేయాలన్న భయంతోనే సత్తయ్య ఎన్నికలో నిలబడ్డాడు.

ఆయనకు పోటీగా నిలబడ్డ బాలరాజు మీటింగులో మీసం దువ్వుకున్నాడు.

"ఏం బావా, అల్లుడు అల్లుని లెక్కనే ఉండాలె. బువ్వ పెట్టినం, పిల్లనిచ్చినం. ఇగ కుర్సీ గూడ ఇయ్యాల్నా?"

అందరూ గొల్లున నవ్వారు. డిగ్రీ చదువుతున్న సత్తయ్య కూతురు సుచిత్ర ఊరుకోలేక లేచింది.

"మామా, మన రాజ్యాంగంల రాష్ట్రపతి కావాలంటే ఈ దేశ పౌరుడు కావాలె అనే ఉన్నది. ఈడనే పుట్టాలని ఏడ లేదు. వేరే దేశంల పుట్టి ఈడ పౌరుడైనోడు గూడ నిలబడొచ్చు. గంత పెద్ద దేశానికి లేని పట్టింపు గీ చెరువుకెందుకే?"

"మస్తు జెప్పినవ్ బిడ్డా! అట్లయితే మీ నాయినను జల్దీ ఢిల్లీకి తోలు, రాష్ట్రపతి అయితడు. బస్సు కిరాయి నేనే ఇస్త. గీ చెరువుకు మాత్రం కాడు."

ఆ నవ్వుల మధ్యనే బాలరాజుకు మద్దతుగా చేతులు లేచాయి, ఆయనే అధ్యక్షుడయ్యాడు.

సత్తయ్య ఇంటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. "మా ఊరికి పోదామా?" అన్నాడు పెళ్లాంతో.

"ఏ ఊరికి? ఆడ నిన్ను పోయినోడంటరు, ఈడ అచ్చినోడంటరు," అంది దుర్గాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

"మరి నేను ఏడోణ్ణే?"

వలలో పడ్డ చేపకు నలుదిక్కులా నీళ్లే కనిపిస్తాయి, పోవడానికి మాత్రం దారి ఉండదు.

వానలు పడకముందే బాలరాజు సంతకం పెట్టేశాడు. జేసీబీ వచ్చి జాగను పెళ్లగించింది. తడి వలలు భుజాన వేసుకుని మగవాళ్లంతా ఇనుప కంచె ముందు మొత్తుకున్నారు. సంఘంలో అందరికన్నా పెద్దదైన యాదవ్వ కట్టె పొడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడెందుకు మొత్తుకుంటర్రా? నేను నాగారం నుంచి కాపురానికచ్చిన. మీ అవ్వలు, మీ పెండ్లాలు ఏ ఊరోళ్లు? బయటోళ్ల కడుపుల పుట్టి, బయటోడు పెద్ద కావొద్దంటిరి. పేగు ఏడ పాతిండ్రో జూసిండ్రు గని, ఎవడు పానం ఏడ పెట్టిండో జూడకపోతిరి!"

ఒకరిద్దరు సత్తయ్య వైపు చూశారు. ఆయన నీళ్లు కారుతున్న వలను మోసుకుని, తనది కాదన్న ఊళ్లోకే నడిచాడు. ఇంకెక్కడికి పోతాడు?

పెద్దలారా, ఎక్కడ పుట్టాలో ఎవడి చేతిలోనూ లేదు. ఎక్కడ ఉండిపోవాలో, ఎవరి కోసం నీళ్లలో దిగాలో మనిషి తానే తేల్చుకుంటాడు. పెద్దరికానికి చూడవలసింది అదే. అది చూడక ఆ ఊరు పోగొట్టుకున్నది, తాతల ముత్తాతల పేగులతో సహా, కట్ట పక్కన పదకొండు గుంటల జాగ.