చల్లమ్మ మెడ తిప్పిన కొట్టు

గవర్నర్‌పేటలో సైదాబీ బొమ్మల కొట్టు తీసే పద్ధతి ఆ వీధి మొత్తానికీ తెలుసు. ముందు కింది తాళం తీస్తుంది, తరవాత పై తాళం. రెండు తాళంచెవులూ ఒకే గుత్తిలో ఉంచదు. ఒకటి నడుముకి దోపుకుంటే ఇంకోటి బురఖా లోపలి జేబులో. షట్టర్ ఎత్తాక గుమ్మంలో నీళ్ళు చల్లి, గల్లాపెట్టె పక్కనున్న చల్లమ్మని మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. మొహం, మెడ, నెత్తిమీద కుండ, అదే వరసలో. అది అయ్యాకే టీ.

చల్లమ్మ కొండపల్లి బొమ్మ. చల్ల అమ్ముకునే మనిషి, మూరెడు ఎత్తు, పచ్చ చీర, నెత్తిన కుండ. సైదాబీ భర్త అలీ బతికుండగా కొండపల్లి పోతురాజు తెల్లపొణికి కర్రతో చెక్కి ఇచ్చాడు. కొట్టులో ఎవరైనా అబద్ధమాడితే చల్లమ్మ కిర్రుమని మెడ తిప్పి, మెడతోపాటు మొత్తం గోడవైపు తిరిగిపోతుంది. ఆ మనిషి గుమ్మం దాటి పోయేదాకా మళ్ళీ ఇటు తిరగదు. అంతకుమించి దానికి ఇంకే విద్యా రాదు.

ఈ సంగతి ఎవరూ వింతగా చెప్పుకోలేదు. పక్క కొట్టులో ఫ్యాను చప్పుడు చేస్తుంది, ఈ కొట్టులో బొమ్మ మెడ తిప్పుతుంది. అరువు అడిగే వాళ్ళని సైదాబీ బొమ్మకెదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టేది. "పండగ కాగానే ఇచ్చేస్తానమ్మా" అని వాళ్ళంటుంటే ఆవిడ వాళ్ళని చూసేది కాదు, చల్లమ్మని చూసేది. బొమ్మ కదలకపోతే సరుకు కట్టించేది. కదిలితే, "ఇవ్వలేను నాయనా" అనేది. "మాకే గిట్టదండీ" లాంటి వ్యాపారపు మాటలు ఆ కొట్టులో చెల్లవు కాబట్టి బేరాలూ ఉండేవి కావు. కొడుకు తారిక్‌కి అలాంటి మాట అనాల్సి వస్తే సెల్‌ఫోన్ పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి వెళ్ళేవాడు.

కంప్యూటర్ వచ్చింది రెండువేల ఆరులో. దాన్ని చూసుకునేది ఆఫ్రీన్. చనిపోయిన చెల్లెలి కూతురు, మైలవరంలో డిగ్రీ చదువుకుని వచ్చి పెద్దమ్మ దగ్గర ఉంటోంది. బెంగుళూరు, పుణె నుంచి ఆర్డర్లు మెయిల్లో వస్తున్నాయి. ఆ మెయిల్‌కి పాస్‌వర్డ్ చనిపోయిన అలీ పేరు, పక్కన కొట్టు ఫోన్ నంబరు. అది తెలిసింది ఆఫ్రీన్‌కీ సైదాబీకీ మాత్రమే. తారిక్‌కి కూడా చెప్పలేదు.

ఆషాఢం చివర్లో ఒక మధ్యాహ్నం ఆఫ్రీన్ కంప్యూటర్ ముందు నుంచి పిలిచింది.

"ఖాలా, మెయిల్ కంపెనీ వాళ్ళంట. మన అకౌంట్ మూసేస్తారంట. పేరు, పాస్‌వర్డ్ రాసి తిరుగు మెయిల్ పంపితే మూయరంట."

"పంపెయ్యి మరి. ఆర్డర్లొచ్చే టైము."

"నాకెందుకో బాలేదు ఖాలా. వాళ్ళ దగ్గరుండే అకౌంటుకి పాస్‌వర్డ్ మనల్నడగడమేంటి? ఒక్కసారి జాన్‌బాబు అన్నయ్యని అడిగొస్తా." జాన్‌బాబు వీధి చివర ఇంటర్నెట్ సెంటరు నడుపుతాడు.

"జాన్‌బాబెందుకే, కొట్లో చల్లమ్మని పెట్టుకుని?" అంది సైదాబీ. "అది కాయితం మీద తీసి, ఇక్కడ నిలబడి చదువు."

ఆఫ్రీన్ ప్రింటు తీసింది. బొమ్మకెదురుగా నిలబడి, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివి, తెలుగులో కూడా చెప్పింది. చల్లమ్మ కదల్లేదు. కుండ కూడా వణకలేదు.

"చూశావా?"

"చదివింది నేను కదా ఖాలా. రాసినవాడు ఇక్కడ లేడుగా?"

"అబద్ధమైతే ఊరుకుంటుందా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తప్పిందా? పంపు."

ఆఫ్రీన్ పంపింది. బొమ్మకి వినపడింది ఒక నిజాయితీ గల పిల్ల గొంతు. ఉన్నది ఉన్నట్టు చదివే మనిషిని చూసి అది మెడెందుకు తిప్పుతుంది? ఆ ఉత్తరం రాసినవాడు ఆ స్టూలు మీద ఎన్నడూ కూర్చోలేదు.

ఆ తరవాత చాలా రోజులు ఏమీ జరగలేదు. అకౌంటు మూయలేదు కాబట్టి సైదాబీ ఆ సంగతే మర్చిపోయింది.

ఉషది మైలవరమే. బెంగుళూరులో బొమ్మల దుకాణం పెట్టుకుంది. దసరా కొలువులకి ఏటా సరుకు ఇక్కడి నుంచే తీసుకెళ్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ స్టూలు మీదే కూర్చుంది. ఈ ఏడు దుకాణం పెద్దది చేసుకుని, పుస్తెలు తప్ప ఒంటిమీదున్న బంగారమంతా బ్యాంకులో తాకట్టు పెట్టి పెద్ద ఆర్డరు ఇచ్చింది. కొండపల్లిలో పోతురాజు వీధి వీధంతా ఆ పని మీదే ఉంది. సరుకు సిద్ధమయ్యాక ఫోన్ మోగింది.

"సైదాబీ గారూ, సరుకింకా బయల్దేరలేదేంటండీ?"

"డబ్బు రాలేదు కదమ్మా."

అవతల ఉష కాయితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"డబ్బంతా పంపేశానండీ. బ్యాంకు మారింది, కొత్త అకౌంటుకి వెయ్యమని మీరే మెయిల్ పెట్టారుగా?"

"మేమేం పెట్టలేదమ్మా."

చల్లమ్మ నిక్కచ్చిగా వీధివైపే చూస్తోంది. కానీ అది బెంగుళూరులో ఉన్న ఉషకి ఎలా కనపడుతుంది?

ఆఫ్రీన్ మెయిల్ తెరవబోతే తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు. జాన్‌బాబు వచ్చి, కంపెనీ వాళ్ళకి రాసి, నానా తంటాలూ పడి అకౌంటు వెనక్కి తెప్పించాడు. ఉషకి వెళ్ళిన మెయిల్ తెరిచి చూపించాడు. అచ్చం ఆఫ్రీన్ రాసినట్టే ఉంది. పాత మెయిళ్ళన్నీ తీరిగ్గా చదివినవాడెవడో రాశాడు. చివర్లో, "ఖాలా మీకు దువాలు చెప్పమంది" అని కూడా ఉంది. ఏ మెయిలైనా ఆ ఆశీస్సుతోనే ముగించమనేది సైదాబీ. తన నోట్లో మాట తీసుకెళ్ళి ఎవడో దొంగతనానికి వాడుకున్నాడు.

"ఆ రోజు పాస్‌వర్డ్ అడిగిందే దొంగ మెయిల్ అమ్మా," అన్నాడు జాన్‌బాబు. "ఏ కంపెనీ వాడూ పాస్‌వర్డ్ అడగడు. అడిగాడంటే దొంగే. బ్యాంకు మారిందని చూడగానే ఉష గారైనా మీకో ఫోన్ కొట్టాల్సింది."

నేను చెప్పాను కదా ఖాలా, అని ఆఫ్రీన్ అనలేదు. అని ఉంటే బాగుండేది, తిట్టడానికైనా వీలుండేది.

ఉష బస్సెక్కి వచ్చి పోలీసు కంప్లైంటు ఇచ్చింది. మెయిల్ వచ్చింది ఈ కొట్టు పేరు మీద కాబట్టి ఎస్సై శౌరయ్య కొట్టుకే వచ్చి అందరి మాటా రాసుకుంటానన్నాడు. ఆయన వచ్చే ముందురోజు తారిక్ తల్లిని ఫుట్‌పాత్ మీదికి, టీ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అమ్మీ, పాస్‌వర్డ్ ఆఫ్రీన్ తనంతట తనే ఇచ్చేసిందని చెప్పు. నీకు తెలీదని చెప్పు."

"అది వద్దంటే నేనే కదరా పంపమన్నాను."

"నువ్వే ఇచ్చావని తెలిస్తే, నువ్వూ దొంగా ఒకటే అంటారు. పుణె వాళ్ళు అప్పుడే ఫోన్లు చేస్తున్నారు. కొట్టు పేరు పోతే పోతురాజు వాళ్ళ బొమ్మలు ఎవరు కొంటారు?"

"మరి దాని పేరు?"

"చిన్నపిల్ల, మందలించి వదిలేస్తారు."

మందలించి వదిలేయరని ఇద్దరికీ తెలుసు. సైదాబీ టీ గ్లాసులోకి చూస్తూ, "చల్లమ్మ ఉంటుంది కదరా అక్కడ," అంది.

తారిక్ అటువైపు పోతున్న ఆటోని చూస్తూ చెప్పాడు. "తువ్వాలు కప్పేద్దాం."

మర్నాడు సైదాబీ రెండు తాళాలూ తీసింది. గుమ్మంలో నీళ్ళు చల్లింది. చల్లమ్మని తుడవలేదు. ఉతికిన తువ్వాలొకటి తెచ్చి కుండ మీద నుంచి పాదాల దాకా కప్పింది. కొడుకు మాట కాదనలేక కప్పాననుకోవడానికి కూడా లేదు. చేతులు తనవే.

ఎస్సై శౌరయ్య ఈ పేటలోనే పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు అలీ దగ్గర తాటిచెట్టు బొమ్మ కొనుక్కున్నాడు. వస్తూనే తువ్వాలు వైపు ఒకసారి చూసి కుర్చీలో కూర్చున్నాడు. ఉష స్టూలు మీద కూర్చుంది. ఆఫ్రీన్ కంప్యూటర్ పక్కన నిలబడింది. తారిక్ గుమ్మం బయటే ఆగిపోయాడు, లోపలికి రాలేదు.

"చెప్పండమ్మా. పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?"

"నాకు కంప్యూటర్ సంగతులేం తెలుసు బాబూ," అంది సైదాబీ. "ఆఫ్రీనే ఇచ్చింది. నాకు చెప్పకుండా ఇచ్చింది."

తువ్వాలు కింద కిర్రుమంది.

మెల్లగా మొదలైంది. కుండ గుండ్రం తిరుగుతుంటే తువ్వాలు దాంతోపాటు మెలిపడి, అంచు జారి, గల్లాపెట్టె మీద నుంచి నేలమీద పడింది. చల్లమ్మ గోడవైపు చూస్తోంది. పచ్చ చీర వెనక భాగం రంగు వెలవకుండా ఎంత కొత్తగా ఉందో సైదాబీ అప్పుడే మొదటిసారి చూసింది. వేరే వాళ్ళు అబద్ధమాడినప్పుడు, బొమ్మ కదలగానే ఆవిడ చూపు వాళ్ళ మొహాల మీదికి పోయేది.

పేరు రాయబోతున్న శౌరయ్య పెన్నుకి మూత పెట్టాడు. ఆఫ్రీన్ వంగి తువ్వాలు తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది.

"నేనే," అంది సైదాబీ. "నేనే పంపమన్నాను బాబూ. వద్దు ఖాలా అని అది చెప్తూనే ఉంది. నేనే పంపించాను."

శౌరయ్య మళ్ళీ మూత తీసి ఆ మాట రాసుకున్నాడు. ఆఫ్రీన్ పేరు కాయితం మీదికి ఎక్కలేదు. చల్లమ్మ మాత్రం ఇటు తిరగలేదు.

ఉష లేచి సంచి భుజాన వేసుకుంది. "మీ బొమ్మని నమ్మే కదండీ నేను ఫోన్ చెయ్యలేదు," అంది. "ఈ కొట్టు నుంచి అబద్ధం రాదనుకున్నాను." తిట్టినట్టుగా అనలేదు. గుమ్మంలో తారిక్‌ని తప్పించుకుని బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ డబ్బు ఏ ఊళ్ళో ఎవడి చేతిలో పడిందో ఎవరికీ తెలియలేదు. దసరా రాకముందే ఉష దుకాణం మూతపడింది. అమ్ముడుపోని ఏనుగులూ ఎడ్లబళ్ళూ కొండపల్లిలో గోతాల్లో ఉండిపోయాయి.

పోతురాజు ఒకరోజు వచ్చాడు. అప్పటికీ చల్లమ్మ గోడవైపే ఉంది. "మెడ పట్టేసిందేమో చూడు అన్నా," అంది సైదాబీ. ముసలాయన వేలితో మెడ తడిమి చూశాడు.

"బాగానే ఉందమ్మా. నువ్వోసారి బయటికెళ్ళు."

సైదాబీ గుమ్మం దాటి మెట్టు మీద నిలబడింది. లోపల కిర్రుమంది. చల్లమ్మ వీధివైపు తిరిగింది. సైదాబీ కాలు లోపల పెట్టగానే మళ్ళీ గోడవైపు తిరిగిపోయింది. పోతురాజు టీ తాగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

బొమ్మ వీపు కనపడే కొట్టులోకి ఏ కొనుగోలుదారు వస్తాడు? అప్పటి నుంచి సైదాబీ స్టూలు తెచ్చి మెట్టు మీద వేసుకుని, తన కొట్టుని బయట కూర్చుని నడిపింది. ఎండైనా వానైనా అక్కడే. లోపల తారిక్ ఉండేవాడు, బేరగాళ్ళతో తక్కువ మాట్లాడేవాడు.

రంజాన్ దాటాక ఆఫ్రీన్ మైలవరం వెళ్ళిపోతానంది. అక్కడ కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పని దొరికిందట. ఉండమని అడగడానికి సైదాబీకి నోరు రాలేదు. వెళ్ళే రోజు ఆ పిల్ల సంచి గుమ్మం దగ్గర పెట్టి, "ఖాలా, ఒక్కసారి లోపలికి రా. కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి," అని పిలిచింది.

సైదాబీ లోపలికి వచ్చింది. కిర్రుమంది. అలవాటైపోయింది, ఇద్దరూ అటు చూడలేదు.

"నువ్వే కొట్టు. పెదనాన్న పేరొద్దు, ఫోన్ నంబరొద్దు. ఎవరికీ తట్టనిది పెట్టు. తారిక్ భాయ్‌కీ చెప్పొద్దు, నాకూ చెప్పొద్దు."

"నీక్కూడానా?"

"నాక్కూడా ఖాలా. పక్కవాళ్ళు కొడుతుంటే చూడకూడదు. అది పద్ధతి." అలా అని ఆఫ్రీన్ మొహం తిప్పుకుని గోడవైపు నిలబడింది.

సైదాబీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడువేలితో కొట్టింది. అయ్యాక తలెత్తి చూసింది. గల్లాపెట్టె మీద చల్లమ్మ వీపు. ఆ పక్కనే ఆఫ్రీన్ వీపు, మీద నల్ల జడ, చున్నీ కొస.

"అయిందా ఖాలా?" తిరక్కుండానే అడిగింది ఆఫ్రీన్. అయిందంటే ఇటు తిరిగి, సంచి తీసుకుని వెళ్ళిపోతుంది.

"ఇంకా కాలేదమ్మా," అంది సైదాబీ.

చల్లమ్మ కదల్లేదు. అప్పటికే అది గోడవైపు చూస్తోంది.